నాన్న వేలూరులో ఉన్నారని చెప్పిన మధ్యాహ్నం

ముందు ఒట్టు వేసేస్తాను. ఆ తంతు అయిపోతే మీకూ నాకూ నిశ్చింత. ఈ కింద రాసినదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. మా ఇలవేల్పు మీద ఒట్టు. ఆవిడ మీద నేను ఇదివరకు వేసిన ఒట్లు గుర్తున్నవాళ్లు నొసలు చిట్లిస్తారేమో, వాళ్ల కోసం ఇంకొకటి: ఇప్పుడు నా ఎదురుగా పొగలు కక్కుతున్న ఈ కాఫీ మీద ఒట్టు. ఇందులో అబద్ధం ఉంటే ఇది నేను తాగకుండానే చల్లారిపోవుగాక. మా అక్క మాత్రం ఈ వాక్యం దాకా కూడా రాదు. నా చేతిరాత కనపడగానే కాగితం మడిచి కందిపప్పు డబ్బా కింద పెట్టేస్తుంది. చిన్నప్పటినుంచీ నా మాటలు విని మోసపోయిన మనిషి. ఆవిడని తప్పు పట్టను.

తొంభైల చివర్లో తమ్ముడూ నేనూ మాదాపూర్‌లో ఒక మేడ మీది రెండు గదుల పోర్షన్లో ఉండేవాళ్లం. అప్పటికింకా అది ఊరే. పొద్దున గేదెలు మా గుమ్మం ముందునుంచి నడిచి వెళ్లేవి. కిటికీ తెరిస్తే బండలు, బండల వెనక బండలు, వాటి మధ్యలోంచి గుండ్రటి భవనం ఒకటి లేస్తూ ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక బండలు పేల్చేవాళ్లు. ముందు ఒకడు పొడుగ్గా ఈల ఊదేవాడు, ఎర్రగుడ్డ ఊపేవాడు. తర్వాత నేల అదిరేది. మా వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకున్నట్టు గలగలమనేవి.

నాన్న ఆ ఇంటికి వచ్చింది చనిపోవడానికి. ఇంత సూటిగా అప్పుడు మేం ముగ్గురు పిల్లలం ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు. కాలేయంలో గడ్డ, ఇక చెయ్యగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పాడు. "ఇంటికి తీసుకెళ్లండి. ఏది తింటానంటే అది పెట్టండి" అన్నాడు. ఆ రెండో వాక్యం విన్నాక ఎవరూ ఇంకేమీ అడగరు. ఆటోలో వస్తూ నాన్నే అడిగాడు, "ఏం పెట్టమన్నాడ్రా?" అని.

"పూతరేకులు" అన్నాను.

"అయితే రోగం పెద్దదే" అన్నాడు నాన్న.

ఇల్లంటే ఏ ఇల్లన్నది తర్వాతి ప్రశ్న. నాన్న బస్సు కండక్టరుగా చేశాడు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లన్నీ ముప్ఫయ్యేళ్లు తిరిగాడు కానీ సొంత గోడ అంటూ ఎక్కడా కట్టుకోలేదు. ఉన్నన్నాళ్లూ అద్దె ఇళ్లే. అమ్మ పోయాక ఆఖరుదీ ఖాళీ చేశాడు. అమ్మ ఎలా పోయిందో చెప్పకపోతే మేం చేసిన తెలివితక్కువ పని మీకు అర్థం కాదు కాబట్టి అది చెబుతాను.

తెనాలి ఇంటాయన మంచివాడే. అమ్మకి మాట పడిపోయిన రోజు మాత్రం పంచాంగం చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. మర్నాటినుంచి అయిదు రోజులు ధనిష్ఠా పంచకం అన్నాడు. ఆ నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఆరు నెలలు ఆ ఇల్లు మూసెయ్యాలి. "ఆ తర్వాత మాత్రం అద్దెకెవరొస్తారండీ, మీరే చెప్పండి" అని దణ్ణం పెట్టాడు. కోప్పడినవాణ్ణి తిట్టొచ్చు, దణ్ణం పెట్టినవాణ్ణి ఏం చేస్తాం? నాన్నా తమ్ముడూ నేనూ అమ్మని మంచంతో సహా ఎత్తి, పెరట్లో గడ్డి వేసుకునే పాకలోకి మార్చాం. సన్నగా తుంపర పడుతోంది. అమ్మ ఒక రోజంతా పాక చూరు కేసి చూస్తూ పడుకుని, మర్నాడు తెల్లవారాక పోయింది. నాన్న ఆ తర్వాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. మాదాపూర్ మేడమెట్ల మీద తమ్ముడూ నేనూ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోస్తుంటే, సగంలో ఆగమని చెయ్యెత్తి, ఊపిరి తీసుకుని, ఒకే మాట అన్నాడు.

"మళ్లీ నన్ను దించకండ్రా."

అదీ మేం నిలబెట్టుకోవలసిన మాట. ఆయన ఆ గదిలో, ఆ మంచం మీదే పోవాలి.

కింద ఇంటావిడ ఒక్కతే ఉండేది. డెబ్బై దాటిన మనిషి. చేతులకి వెండి కడియాలు, మోకాళ్ల నొప్పులు. ఆ బండల పక్కన వాళ్లకున్న చెలక, అంటే మెట్ట పొలం, అమ్మేశాక కొడుకులిద్దరూ తెల్లాపూర్ దగ్గర పొలం కొనుక్కుని అక్కడికి మారిపోయారు. ఆవిడ మాత్రం కదల్లేదు. మేం ఇల్లు అడగడానికి వెళ్లి "మామ్మగారూ" అంటే, "మామ్మ ఏంది? ఎవల్నో పిలిచినట్టున్నది. అవ్వ అనున్రి" అంది. ఆ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఇంట్ల ముసలోళ్లు ఎవలన్న ఉన్నరా?"

మా అన్నదమ్ములిద్దరికీ తెనాలి పంచాంగం కళ్లముందు కదిలింది. ముసలివాళ్లుంటే ఇల్లివ్వదన్నమాట అనుకున్నాం. "లేరండీ" అన్నాను. కొన్నాళ్లకి నాన్నని కుర్చీలో మోసుకురావలసి వచ్చినప్పుడు, బస్సు దిగుతూ జారి కాలు బెణికిందనీ, నాలుగు రోజులుండి వెళ్తాడనీ చెప్పాను. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలయ్యాయి.

పనులు పంచుకున్నాం. అక్క వాళ్లాయన జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అక్క పొద్దున్నే రెండు బస్సులు మారి క్యారియర్‌తో వచ్చేది. నాన్నకి ఒళ్లు తుడిచి, దుప్పట్లు ఉతికి, పిట్టగోడ మీద ఆరేసి, పన్నెండుకి వెళ్లిపోయేది. పిల్లలు బడినుంచి వచ్చేలోగా ఇల్లు చేరాలి. ఆవిడ చీరకి ఆ ఫ్యాక్టరీల ఘాటు వాసన అంటుకుని ఉండేది. నాన్న కళ్లు మూసుకునే "అమ్మాయి వచ్చింది" అనేవాడు.

తమ్ముడిది కంప్యూటర్ల ఉద్యోగం. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని, వాటిని ముందే సరిచేసే పని. ప్రేమ చూపించడం వాడికి గళ్ల కాగితాల్లోనే వచ్చు. నాన్నకి ఏ మాత్ర ఎప్పుడెయ్యాలో ఆఫీసులో ప్రింటు తీసి, అంచులకి చిల్లులున్న ఆ పొడుగు కాగితం గోడకి అంటించాడు. ఒక ఆదివారం నాన్న వాణ్ణి అడిగాడు, "ఇంతకీ ఏం తప్పుతాయిరా ఆ యంత్రాలు?" అని.

"రెండు సున్నాలు చూసి పందొమ్మిది వందల సంవత్సరం అనుకుంటాయి నాన్నా."

నాన్న వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. "అయితే అప్పటికి నేనింకా పుట్టి ఉండను. మంచిదే."

తమ్ముడు లేచి బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు ఆ గుండ్రటి భవనం కేసి చూస్తూ నిలబడ్డాడు.

ఇక నేను. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోర్సుల సంస్థలో, పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులకి కుర్చీ వేసి మాటలు చెప్పే పని నాది. ఒకరోజు వెళ్లేసరికి బోర్డు లేదు, కుర్చీలు లేవు, తాళం ఒక్కటే ఉంది. కాబట్టి పన్నెండునుంచి తమ్ముడొచ్చేదాకా నాన్న దగ్గర నా కాపలా. దానితో బాటు ఇంకో ఉద్యోగం కూడా అక్క నాకే అప్పగించింది.

"కిందావిడకి నువ్వే ఏదో ఒకటి చెబుతూ ఉండరా. నీకు అదొక్కటే వచ్చు కదా" అంది. తిట్టిందో మెచ్చుకుందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చెబుతూ వచ్చాను. అవ్వ మెట్ల కింద పీట వేసుకుని కూర్చునేది. నేను పాల ప్యాకెట్‌కి దిగినా, మందులకి దిగినా ఆవిడ ముందునుంచే దిగాలి.

"మీ నాయిన కాలు ఎట్లున్నది బిడ్డా?"

"తగ్గుతోంది అవ్వా."

"తగ్గితే కిందికి తోల్కరారాదు. ఎండల కూసుంటడు."

"డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు."

"గట్లనా. నేనే పైకొత్తునా అంటే నా మోకాళ్లు పాడుగాను."

ఆ మోకాళ్లకి నేను మనసులో దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఒకరోజు అసలు ప్రశ్న వచ్చింది. "రోజు రోజు గన్ని దుప్పట్లు పిండుతున్రు, ఏంది కథ?"

నాన్నకి అప్పటికి తెలియకుండానే పక్క తడిసిపోతోంది. అది చెబితే కథ ముగిసినట్టే. "ప్రకృతి వైద్యం అవ్వా" అన్నాను. "తడి దుప్పటి ఒంటికి చుట్టి పడుకోబెడితే కీళ్లలో వేడంతా లాగేస్తుంది. మా గుంటూరు జిల్లాలో ఒకాయన ఈ వైద్యంతోనే మంచంలోంచి లేచి, కాలవకి అడ్డంగా దూకి, అవతల గట్టు మీద పెళ్లి చేసుకున్నాడు."

అవ్వ కళ్లార్పకుండా విన్నది. "ముసలోళ్ల మోకాళ్లకు గూడ పని జేస్తదా?"

అమ్మవారి మీద ఒట్టు, వారం రోజులు ఆవిడ మధ్యాహ్నాలు తడి దుప్పటి చుట్టుకుని పడుకుంది. ఎనిమిదో రోజు మెట్ల కిందనుంచి కేకేసింది: "బిడ్డా, నీ మందు మంచిగున్నది! జలుబైంది గని మోకాలు జర నయమున్నది!" మంచం మీదనుంచి ఆ కేక విని నాన్న నవ్వాడు. ఆ నవ్వులో సగం దగ్గు. "పాపంరా" అన్నాడు. "మనిషిని తడిపి చంపేట్టున్నావు."

ఇలా చెబితే మా మధ్యాహ్నాలు సరదాగా గడిచాయనిపిస్తుంది. లేదు. నాన్న ముప్ఫయ్యేళ్లు అరవై మంది మధ్య నిలబడి బతికిన మనిషి. ఎవరి కూతురికి పురుడొచ్చిందో, ఎవరు ఏ సంతకి పోతున్నారో, ఎవరింట్లో పొయ్యి వెలగలేదో బస్సులోనే తెలిసేది ఆయనకి. అలాంటివాడికి ఇప్పుడు నాలుగు గోడలూ, ఒక ఫ్యానూ, నేనూ. ఒంటిగంట దాటాక కళ్లు తెరిచి గుమ్మం కేసి చూసేవాడు.

"ఇవాళ కూడా ఎవరూ ఎక్కలేదా?"

"ఎండ నాన్నా. సాయంత్రం వస్తారు."

ఎవరూ వచ్చేవాళ్లు కారు. రావద్దని మేమే చెప్పాం. కూకట్‌పల్లి నిండా మా తెనాలివైపు వాళ్లే. ఒక్కరికి తెలిస్తే అందరూ పళ్ల సంచులతో వస్తారు, మెట్ల దగ్గరే కళ్లు తుడుచుకుంటారు, అవ్వతో "ఇంకెన్నాళ్లో పాపం" అంటారు. అందుకని బంధువులందరికీ నాన్నని వేలూరు తీసుకెళ్లామని చెప్పాను. పెద్దాసుపత్రి, మంచి డాక్టర్లు, బాగా చూస్తున్నారు అని. నేను చెప్పిన అబద్ధాలన్నిటిలోనూ అందరూ వెంటనే నమ్మింది అదే. దాన్ని నమ్మితే ఎవరికీ బస్సెక్కే పని ఉండదు.

ఒక్కడు మాత్రం నమ్మి కూడా ఊరుకోలేదు. నాన్నతో పద్దెనిమిదేళ్లు ఒకే బస్సు నడిపిన డ్రైవరు. మేం డ్రైవరు బాబాయి అనేవాళ్లం. ప్రగతి నగర్‌లో కూతురింట్లో ఉండేవాడు. ఇంజను చప్పుడు మీద మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు ఇక దిగడం మానేసింది. ఆయన రహస్యం చెబితే పక్క వీధి వినేది. నాన్న ఆయన గురించి అడగని రోజు లేదు. కాశీ వెళ్లాడని చెప్పాను.

"కాశీకా? వాడా?" అన్నాడు నాన్న. "మంగళగిరిలో బస్సు గంటాగితే కొండెక్కి దణ్ణం పెట్టుకురారా అంటే, ఇంజను వేడెక్కిందని సీటులోనే నిద్రపోయేవాడు."

"వయసు మీద పడింది కదా నాన్నా."

నాన్న నాకేసి చూశాడు. నమ్మలేదని నాకు తెలుసు. నమ్మలేదని నాకు తెలుసునని ఆయనకీ తెలుసు. అయినా ఇద్దరం ఆ కాశీని మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. మంచం మీద ఆయన, పక్కన ఇనప కుర్చీలో నేను. బయట ఈల మోగింది. ఆయన బస్సు ఆపించే అలవాటుగా "హోల్డాన్" అన్నాడు. నేల అదిరింది.

ఆఖరి వారాల్లో మాట తగ్గింది. దుప్పటి అంచు పట్టుకుని బొటనవేలి గోటితో కొద్దికొద్దిగా నొక్కుతూ చించబోయేవాడు, టికెట్ చింపినట్టు. రెండ్రోజులకోసారి నేనే గడ్డం గీసేవాణ్ణి. బుగ్గలు లోపలికి పోయాయి కాబట్టి నాలుక లోపలినుంచి ఆనించమనేవాణ్ణి, ఆయన ఆనించేవాడు. అంత దగ్గరగా నేను ఆయన మొహం ఎప్పుడూ చూడలేదు. చూస్తూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాణ్ణి: ఆ గుండ్రటి భవనం సూర్యుణ్ణిబట్టి తిరుగుతుందట, పొద్దున తూర్పు కేసి కూర్చున్నవాడు సాయంత్రానికి పడమట తేలతాడట అని. నోరు కదపకూడదు కాబట్టి ఆయన కళ్లతోనే "కండక్టర్ని, నాకే టికెట్ కొట్టకు" అనేవాడు.

ఆ రోజు పొద్దున్నుంచీ ఆయన కళ్లు తెరవలేదు. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరిగింది. అక్క వెళ్తూ వెళ్తూ క్యాలెండరు దగ్గర ఆగింది. "ఎల్లుండినుంచి పంచకంరా" అంది. ఆ లోపే అయిపోవాలని కోరుకుంటే పాపం, కోరుకోకపోతే భయం. ఆవిడ రెండూ అనలేక చెప్పులేసుకుంది.

కాసేపటికి కిందనుంచి అవ్వ కేక. "ఓ బిడ్డా! ఫోనొచ్చింది నీకు! ఎవలో మస్తు ఒర్రుతున్నడు!"

మాకు ఫోను లేదు. అవ్వ ఇంటి నంబరే అందరికీ ఇచ్చేవాళ్లం. ఎవరైనా చేస్తే ఆవిడ పిలిచేది. దిగి వెళ్లాను. అవ్వ మూడడుగుల దూరంలో చాటలో బియ్యం ఏరుకుంటోంది. రిసీవరు నేను అందుకోకముందే గది నిండా డ్రైవరు బాబాయి గొంతు.

"ఏరా అబ్బాయ్! వేలూరులో ఏమంటున్నార్రా? ఎలా ఉన్నాడ్రా మావాడు?"

చెయ్యి అడ్డం పెట్టుకుని, "బాగానే ఉన్నారు బాబాయ్. వేలూరులోనే ఉన్నారు" అన్నాను.

చాటలో అవ్వ చెయ్యి ఆగింది. తల ఎత్తి ముందు నాకేసి చూసింది, తర్వాత పైకప్పు కేసి చూసింది.

"నాకు ఆసుపత్రి పేరు చెప్పు! ఈ రాత్రికే రైలెక్కుతా! వాణ్ణి చూడాలిరా నేను!"

అప్పుడు అవ్వ లేచింది. నా చేతిలోంచి రిసీవరు లాక్కుంది. "ఓ అన్నా! రైలు గియిలు వద్దు. నీ దోస్తు ఈడనే ఉన్నడు, మా ఇంట్ల, మాదాపూర్ల. ఆటో పట్టుకుని జల్ది రా" అని పెట్టేసింది.  గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. నేను వెనక. నాన్న మంచం మీద కాళ్ల దగ్గర కూర్చుంది. అలికిడికి నాన్న కళ్లు తెరిచాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు, అలవాటుగా.

"ఏడికో నాకేమెరుక. జర జరుగు, కూసుంటా."

నాన్న నిజంగానే కాళ్లు ఇంత జరిపాడు. అవ్వ తన మోకాళ్ల గురించి, తడి దుప్పటి గురించి, అమ్మేసిన చెలక గురించి చెప్పింది. ఆయన వింటూ తల ఆడించాడు. గంటలోపే డ్రైవరు బాబాయి వచ్చాడు. వీధి మొదట్లోనే ఏడుపు మొదలుపెట్టాడు. ఆ గొంతుకి పక్కిళ్లవాళ్లు, పాలు పోసేవాడు, బండల దగ్గర ఈల ఊదేవాడితో సహా అందరూ మెట్లెక్కి వచ్చారు. గదిలో నిలబడ్డానికి చోటు లేదు. నాన్న ఆ నిండిన గదిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసుకున్నాడు. చూసి, ఎన్నో నెలలుగా లేని గొంతుతో, "ముందుకు జరగండి, ముందుకు. వెనక జనం ఉన్నారు" అన్నాడు. ఆ తర్వాత పోయాడు.

ఇరవై ఏళ్లుగా ఈ కథ ఇలాగే చెబుతున్నాను. పెళ్లిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను. విన్నవాళ్లు చివరి మాట దగ్గర నవ్వి, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంటారు. చక్కగా కుదిరిన కథ.

కాఫీ చల్లారిపోయింది. మీగడ కట్టింది కూడా.

అవ్వ లేవలేదు. నా చేతిలోంచి ఎవరూ రిసీవరు లాక్కోలేదు. అబద్ధం అక్కడినుంచి మొదలైంది. జరిగింది చెబుతాను. రేపు మళ్లీ ఫోను చేసి ఆసుపత్రి పేరు చెబుతానని డ్రైవరు బాబాయిని ఒప్పించి నేనే పెట్టేశాను. అవ్వ అడిగింది: "వేలూరు అంటివి. వేలూరుల ఎవలున్నరు బిడ్డా?"

"మా పెదనాన్న" అన్నాను. "నాన్నా ఆయనా కవలలు. అచ్చు ఒకేలా ఉంటారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరికి వస్తుంది. ఇక్కడ నాన్నకి కాలు బెణికితే అక్కడ ఆయనకీ బెణికింది."

అవ్వ నవ్వింది. "కూసో" అని చాయ్ పోసింది. కూర్చున్నాను. కవలల్ని చిన్నప్పుడు ఎలా గుర్తుపట్టేవాళ్లో చెప్పాను. ఒకరి బదులు ఒకరు పెళ్లిచూపులకి వెళ్లిన సంగతి చెప్పాను. ఎన్ని నెలలైందో ఒక మనిషి ఎదురుగా కూర్చుని, తలాడిస్తూ, "ఇగ? ఇగేమైంది?" అంటూ నా మాట వినడం. దాచకుండా చెప్పాలంటే, నాకు బాగుంది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా లేవలేదు. బయట ఈల మోగింది, నేల అదిరింది, ఆ తర్వాత కూడా ఇంకో రెండు సంగతులు చెప్పి అప్పుడు పైకి వెళ్లాను.

ఫ్యాను తిరుగుతోంది. నాన్న మొహం గుమ్మం కేసి తిరిగి ఉంది. దుప్పటి అంచు వేళ్ల మధ్య ఉంది. ఈలకి ముందో వెనకో నాకు తెలియదు. ఆ రోజు ఆయన "హోల్డాన్" అన్నాడో లేదో తెలియదు. ఆయన్ని మేం దించలేదు. మాట నిలబెట్టుకున్నాం. గదిలో మాత్రం ఎవరూ లేరు.

డ్రైవరు బాబాయి కబురందుకుని మర్నాడు పొద్దున వచ్చాడు. "వేలూరునుంచి ఎప్పుడు తెచ్చార్రా?" అన్నాడు, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా. "రాత్రే" అన్నాను. ఆయన పోయేదాకా అదే నమ్మాడు.

మిగతావన్నీ నిజం. పూతరేకులు, తెనాలి పాక, తడి దుప్పట్లు, జలుబు, అన్నీ.

మూడో రోజు మధ్యాహ్నం గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. మెట్ల మీద కడియాల చప్పుడు. అవ్వ గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చింది. ఆ రోజు మాత్రం నిజంగానే ఎక్కింది. ఉత్త మంచం మీద కూర్చుని ఊపిరి తీసుకుంది.

"గన్ని దుప్పట్లు జూస్తే నాకెరుక గాదా బిడ్డా? మా ముసలాయన గూడ గీ అర్రలనే పోయిండు. ఇల్లేమన్న పారిపోయిందా? మీరు చెప్తలేరు, మీకు ఇష్టం లేదేమో అనుకున్న."

"ఇల్లిచ్చేటప్పుడు ముసలివాళ్లున్నారా అని అడిగావు కదా అవ్వా."

"ఉంటే పొద్దుగాల మాట్లాడనీకి ఒక తోడుంటదని అడిగిన. ఒక్కదాన్నే ఉన్న గద. పిలిస్తే ఒచ్చి కూసుంటుంటి."

ఈల మోగేదాకా ఆవిడ అక్కడే కూర్చుంది. నేను ఇనప కుర్చీలో. గిన్నెలు గలగలమన్నాయి, ఆగాయి. ఆవిడకి నేను ఏ కథా చెప్పలేదు.